రాయబారానికి మన అమ్మాయి

రాయబారం అనగానే మన తెలుగువాళ్ళకి కృష్ణుడే కళ్ళముందు మెదులుతాడు. మా నాయనమ్మ కాలంలో ఊళ్ళో పద్యనాటకం వేస్తే, పడక సీను అయ్యాక నిద్రలోకి జారుకున్న పిల్లల్ని రాయబారం సీనుకి తట్టి లేపి మరీ కూర్చోబెట్టేవాళ్ళట. యుద్ధం రాకుండా చూడాలని ఒక మనిషి ఎదుటివాళ్ళ సభకి వెళ్ళి మాట్లాడటం మనకి కొత్త సంగతేమీ కాదు. కానీ ఆ పని ఈ రోజుల్లో ఒక ఉద్యోగమని, దానికో చదువు, ఓ పరీక్ష ఉన్నాయని, మన ఊరి డిగ్రీ కాలేజీలో చదివే అమ్మాయి కూడా దానికి అర్హురాలేనని మాత్రం మనలో చాలామందికి తెలీదు.

మా మేడమీద వాటాలో ఉండే సుగుణగారి అమ్మాయి బీఏ ఫైనలియర్. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ తీసుకుంది. మొన్న నేను వడియాలు ఎండబెడదామని మేడెక్కితే పక్కనే చేరింది.

"ఆంటీ, ఢిల్లీ జేఎన్‌యూలో ఇంటర్నేషనల్ స్టడీస్ అని ఎమ్మే ఉంది. అది చదివితే రాయబారి అవ్వొచ్చా?" అంది.

నేను నోరు తెరిచే లోపలే వాళ్ళమ్మ అందుకున్నారు. "మీరే చెప్పండి వదినగారూ! డిగ్రీ అవగానే సంబంధాలు చూద్దామని మేమనుకుంటుంటే ఇది ఢిల్లీ అంటోంది. ఆ తర్వాత ఏ దేశమో, ఏ మూలో! పెళ్ళయ్యాక ఆడపిల్ల మూడేళ్ళకో దేశం తిరుగుతానంటే చేసుకున్నవాడు పెట్టె పట్టుకుని వెనకాల వెళ్తాడా?"

సుగుణగారిది తెలివితక్కువ ప్రశ్న అని మీరు నవ్వెయ్యకండి. ఇదే ప్రశ్న ఒకప్పుడు సాక్షాత్తూ భారత ప్రభుత్వమే వేసింది. వేసి ఊరుకోలేదు, కాగితం మీద రాయించుకుంది కూడా.

సర్కారువారు రాయించుకున్న హామీ

కొడగు ప్రాంతంలోని విరాజ్‌పేటలో 1924లో పుట్టిన సి.బి. ముత్తమ్మగారి కథ ప్రతి ఆడపిల్ల తల్లీ తెలుసుకోవాలి. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయారు. ఆయన అటవీశాఖలో ఆఫీసరు. నలుగురు పిల్లల్నీ చదివించే బాధ్యత తల్లి ఒక్కరే మోశారు. ముత్తమ్మ మద్రాసులో విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంగ్లీషు ఎమ్మే చదివి, స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడాది సివిల్ సర్వీసు పరీక్ష రాశారు. నెగ్గారు. 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీసులో చేరిన తొలి మహిళ ఆమే.

ఇంటర్వ్యూలోనే కమిషన్ చైర్మన్ "మీకెందుకమ్మా ఈ ఫారిన్ సర్వీసు" అన్న ధోరణిలో వద్దని చెప్పబోయారని ఆమె తర్వాత కోర్టుకి విన్నవించుకున్నారు. చేరేటప్పుడు ఆమె చేత ఒక హామీ రాయించుకున్నారు. పెళ్ళి చేసుకుంటే ఉద్యోగానికి రాజీనామా ఇస్తానని! మగవాళ్ళ చేత ఇలాంటిదేమీ రాయించుకోలేదు సుమండీ.

1961లో చేసిన సర్వీసు రూల్సులో అది ఇంకో రూపంలో వచ్చి కూర్చుంది. ఫారిన్ సర్వీసులో ఉన్న స్త్రీ పెళ్ళి చేసుకోవాలంటే ముందు ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక "సంసారం వల్ల నీ పని సరిగ్గా సాగదు" అని ప్రభుత్వానికి అనిపిస్తే రాజీనామా చెయ్యమనొచ్చు. పెళ్ళయిన స్త్రీకి ఈ సర్వీసులో చేరే హక్కే లేదని మరో రూలు.

ముత్తమ్మగారు పెళ్ళి చేసుకోలేదు. 1970లో హంగరీకి రాయబారిగా వెళ్ళారు. సర్వీసులోంచి రాయబారి హోదాకి ఎదిగిన మొదటి భారతీయ మహిళ అయ్యారు. అంత చేసినా, పై గ్రేడు ప్రమోషను దగ్గరికొచ్చేసరికి ఆమెని పక్కన పెట్టారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మనిషి ఊరుకుంటారా? సుప్రీంకోర్టు మెట్లెక్కారు.

1979 సెప్టెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ధర్మాసనం తీర్పు చెప్పింది. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం గబగబా ఆమెకి ప్రమోషనిచ్చింది. ఒక రూలు తీసేశామని, రెండోది తీసేస్తున్నామని చెప్పింది. అందుకని పిటిషను కొట్టేశారు గానీ, కొట్టేస్తూనే న్యాయమూర్తి ప్రభుత్వానికి పెట్టవలసిన గడ్డి పెట్టారు. ఆడమనిషి సంసారం ఉద్యోగానికి అడ్డమైతే మగవాడి సంసారం అడ్డం కాదా అని నిలదీశారు. సర్వీసు రూల్సన్నీ తిరగేసి, ఆడా మగా వివక్ష ఎక్కడుంటే అక్కడ తుడిచెయ్యమన్నారు. ఆ తర్వాత ముత్తమ్మగారు నెదర్లాండ్స్‌కి రాయబారిగా వెళ్ళారు. రిటైరయ్యాక కొడగు వంటల మీద ఒక పుస్తకం కూడా తెచ్చారు. 2009లో కన్ను మూశారు.

ఆమె తెరిచిన దారిన తర్వాత ఎంతమంది నడిచారో చూడండి. జెనీవాలో 1996లో అణుపరీక్షల నిషేధ ఒప్పందం చర్చల్లో పెద్ద దేశాలన్నీ ఒత్తిడి తెస్తున్నా మన దేశం సంతకం పెట్టదని నిలబడి చెప్పినావిడ అరుంధతీ ఘోష్. 2001లో చోకిలా అయ్యర్ తొలి మహిళా విదేశాంగ కార్యదర్శి అయ్యారు. 2009లో నిరుపమా రావు, 2013లో సుజాతా సింగ్ అదే కుర్చీలో కూర్చున్నారు. 2022లో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితిలో మన శాశ్వత ప్రతినిధిగా రుచిరా కాంబోజ్ బాధ్యత తీసుకున్నారు. ఆ పదవిలో మొదటి మహిళ ఆమే.

కోటు, టై, విందులేనా?

రాయబారి అంటే ఖరీదైన కోటు వేసుకుని విందులకి వెళ్ళే మనిషి అని సినిమాల్లో చూసి అనుకుంటాం. అదీ ఉంటుంది, కాదనను. కానీ అసలు పని వేరు. అదేమిటో నాకు పుస్తకాల కంటే మా పుట్టింటి వైపు ఒక మనిషి బాగా చెప్పింది.

మాది కోనసీమ. అక్కడ ఏ వీధిలో చూసినా కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు కనిపిస్తారు. కడప, రాయచోటి వైపూ అంతే. తెలంగాణలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఎక్కువగా మగవాళ్ళు వెళ్తారు. మా అమ్మకి పనిలో సాయం చేసే మంగతల్లి అలా కువైట్ వెళ్ళింది. వెళ్ళిన వెంటనే సేటు పాస్‌పోర్టు లాక్కుని బీరువాలో పెట్టాడట. ఎనిమిది నెలలు జీతం లేదు. ఒకరోజు చెత్త పడేసే వంకతో బయటికొచ్చి, దారిన పోయే మలయాళీ డ్రైవరు సాయంతో మన ఎంబసీకి చేరింది. ఎంబసీ వాళ్ళ ఆశ్రయంలో, తనలాంటి ఇంకెందరో ఆడవాళ్ళ మధ్య రెండు నెలలుంది.

"ఒక చిన్న మేడంగారమ్మా, మన పద్మంత వయసుంటాది. ఆ సేటుతో వాళ్ళ భాషలోనే ఫోన్లో మాట్లాడింది. గట్టిగా అరవలేదు. ఏం చెప్పిందో గానీ నాలుగోరోజున ఆడే వొచ్చి పాస్‌పోర్టిచ్చి పోయాడు" అని మంగతల్లి ఇప్పటికీ చెప్పుకుంటుంది.

చూశారా! అరబిక్ వచ్చి, ఆ దేశపు చట్టం తెలిసి, గొంతు పెంచకుండా పని జరిపించుకోగలిగిన ఆ చిన్న మేడం చేసినదే రాయబారం. ఏ దేశంలో ఉన్నా మన మనుషులకి పాస్‌పోర్టులివ్వడం, జైల్లో పడ్డవాళ్ళని వెళ్ళి చూడటం, అక్కడ పోయినవాళ్ళ శవాన్ని ఇంటికి చేర్చడం, దిక్కులేనివాళ్ళకి టిక్కెట్టు కొని పంపడం కూడా ఎంబసీ పనే. ఇలాంటి ఖర్చులకని 2009లో ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఒకటి ఏర్పాటు చేశారు.

పెద్ద ఆపద వచ్చినప్పుడు ఈ పని ఎంత పెద్దదవుతుందో మనకి తెలుసు. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు సుమారు లక్షా డెబ్భై వేల మంది మనవాళ్ళని విమానాల్లో తీసుకొచ్చారు. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు, అక్కడ మెడిసిన్ చదువుతున్న మన పిల్లల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలగలేదో! సరిహద్దు దాటి పోలండ్, రుమేనియా, హంగరీ చేరిన పిల్లలకి ఎదురెళ్ళి, విమానమెక్కించినవాళ్ళు ఈ సర్వీసువాళ్ళే.

ఏం చదవాలి?

ఇప్పుడు మా మేడమీది అమ్మాయి ప్రశ్నకి వద్దాం. ఇంటర్నేషనల్ స్టడీస్ చదివితే రాయబారి అయిపోతారా? సూటిగా చెప్పాలంటే, కారు. ఏ యూనివర్సిటీ డిగ్రీ కూడా తిన్నగా రాయబారి ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఏ కాలేజీ అయినా ప్రకటనలో అలా వేస్తే నమ్మకండి.

ఫారిన్ సర్వీసుకి తలుపు ఒక్కటే. అది యూపీఎస్సీ ఏటా జరిపే సివిల్ సర్వీసెస్ పరీక్ష. కలెక్టరుకీ, ఎస్పీకీ, రాయబారికీ అదే పరీక్ష. దానికి కావలసింది ఏదో ఒక డిగ్రీ. బీఏ, బీకాం, బీఎస్సీ, ఇంజినీరింగు, ఆఖరికి దూరవిద్యలో చదివిన డిగ్రీ అయినా సరే. నిరుపమా రావు చదివింది ఇంగ్లీషు సాహిత్యం. 2024లో ఐక్యరాజ్యసమితిలో మన శాశ్వత ప్రతినిధి అయిన పర్వతనేని హరీశ్ ఉస్మానియాలో మెకానికల్ ఇంజినీరింగు చదివారు. ఫారిన్ సర్వీసులో పనిచేసి 2019లో విదేశాంగ మంత్రి అయిన జైశంకర్ మాత్రం జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాలే చదివి, అందులోనే డాక్టరేటు చేశారు.

మరి ఆ చదువు దండగా? కాదు. అది పరీక్షకి బలం, పరీక్ష దాటాక పనికి పునాది. అది రాకపోయినా వేరే దారులకి ఆసరా.

ఈ చదువుకి మన దేశంలో మంచి చరిత్రే ఉంది. 1955లో ఢిల్లీలో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ పెట్టారు. 1970లో అది జేఎన్‌యూలో కలిసింది. కలకత్తా జాదవ్‌పూర్ యూనివర్సిటీలో 1956 నుంచి ఇంటర్నేషనల్ రిలేషన్స్ శాఖ ఉంది. కేరళలో కొట్టాయం మహాత్మా గాంధీ యూనివర్సిటీలో, పాండిచ్చేరి సెంట్రల్ యూనివర్సిటీలో ఈ ఎమ్మే చెబుతారు. సార్క్ దేశాలన్నీ కలిసి 2010లో ఢిల్లీలో మొదలుపెట్టిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీలో అయితే నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ పిల్లల పక్కన కూర్చుని చదవొచ్చు. మన తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయనానికే ఒక కేంద్రం ఉందని మీలో ఎంతమందికి తెలుసు?

ఇక్కడ ఏం చెబుతారంటే, దేశాలు ఎందుకు స్నేహం చేస్తాయి, ఎందుకు తగవు పడతాయి, అంతర్జాతీయ చట్టం ఎలా పనిచేస్తుంది, ఐక్యరాజ్యసమితిలో ఎవరి మాట చెల్లుతుంది, నూనె ధర పెరిగితే ఎవరికి లాభం... ఇలాంటివన్నీ. ఒక ప్రాంతాన్ని ఎంచుకుని, పశ్చిమాసియా గానీ, ఆఫ్రికా గానీ, చైనా గానీ, దాన్ని లోతుగా చదవొచ్చు.

ఖర్చు సంగతి ముఖ్యం. జేఎన్‌యూ, పాండిచ్చేరి లాంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఎమ్మే సీటుకి డిగ్రీ అవగానే సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్సు రాయాలి. వాటిలో ఫీజులు మధ్యతరగతి భరించగలిగినవే. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఇదే చదువుకి లక్షలవుతాయి. అప్పు చేసి కట్టే ముందు, అక్కడ చదివినవాళ్ళు ఏ ఉద్యోగాల్లో ఉన్నారో కనుక్కోండి. గోడల రంగు చూసి కట్టకండి.

పరీక్ష లెక్కలు

పరీక్షకి ఇరవై ఒకటో ఏడు నిండాలి. జనరల్ వాళ్ళకి 32 ఏళ్ళ దాకా ఆరు సార్లు రాయొచ్చు. బీసీలకి 35 ఏళ్ళ దాకా తొమ్మిది సార్లు. ఎస్సీ, ఎస్టీలకి 37 ఏళ్ళ దాకా ఎన్నిసార్లయినా. ఇంకో సంగతి, ఆడపిల్లలకి ఈ పరీక్షకి ఫీజు లేదు. ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

మొదట ప్రిలిమ్స్. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లో మాత్రమే ఉంటాయి. గురి పెట్టవలసిన గోల్స్ అని సరైన జవాబుకి గుర్తు పెట్టడమే. అది దాటితే మెయిన్స్, మొత్తం తొమ్మిది పేపర్లు. అందులో ఒక భారతీయ భాష, ఇంగ్లీషు పాసయితే చాలు. మిగిలిన ఏడింటికి 1750 మార్కులు, ఇంటర్వ్యూకి 275. మొత్తం 2025 మార్కుల మీద ర్యాంకు వస్తుంది.

తెలుగు మీడియం పిల్లలూ, ఇది మీకు. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. ఆప్షనల్‌గా తెలుగు సాహిత్యం తీసుకోవచ్చు. ఇంటర్నేషనల్ స్టడీస్ చదివినవాళ్ళకైతే పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్ అనే ఆప్షనల్ చేతికందినట్టే. అది తీసుకోకపోయినా జనరల్ స్టడీస్ రెండో పేపర్లో విదేశీ సంబంధాలుంటాయి. ప్రవాస భారతీయుల గురించి కూడా ఆ సిలబస్‌లో ఉంది. అంటే మా మంగతల్లి బతుకు కూడా అందులో ఒక పాఠమే.

పోటీ సంగతి దాచను. ఏటా పది లక్షల మంది దాకా అప్లై చేస్తారు. ఫారిన్ సర్వీసుకి తీసుకునేది ఏటా ముప్ఫై, నలభై మందిని, ఒక్కో ఏడు యాభై మంది దాకా. జనరల్ కోటాలో సాధారణంగా మొదటి వంద, నూటయాభై ర్యాంకుల్లోపు రావాలి. దరఖాస్తులో ఏ సర్వీసు కావాలో వరుస రాసేటప్పుడు ఫారిన్ సర్వీసుని పైన రాయాలి. లేకపోతే ర్యాంకొచ్చినా వేరే దాంట్లో పడతారు. ఐఎఫ్ఎస్ అంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు అని ఇంకోటుంది, ప్రిలిమ్స్ దానికీ ఇదే. రెండూ కలిపేసుకోకండి!

కోచింగులకి పోసే డబ్బు లేదని దిగులు పడకండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకి ప్రభుత్వ స్టడీ సర్కిళ్ళున్నాయి. రోజూ ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లీషు పేపరు చదవడం, చదివినది నాలుగు వాక్యాల్లో రాయడం ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు.

చేరాక ఏమవుతుంది?

సెలెక్టయ్యాక ముస్సోరీలో మిగతా సర్వీసుల వాళ్ళతో కలిసి కొన్ని నెలలు శిక్షణ. తర్వాత ఢిల్లీలో ఫారిన్ సర్వీసు ఇన్‌స్టిట్యూట్‌లో. 1986లో పెట్టిన ఈ సంస్థకి 2020లో సుష్మా స్వరాజ్ పేరు పెట్టారు. ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్చుకోవాలి. ఆ భాష మాట్లాడే దేశంలో మొదటి పోస్టింగు. అక్కడ భాషా పరీక్ష పాసైతేనే ఉద్యోగం ఖాయమవుతుంది. థర్డ్ సెక్రటరీగా మొదలై సెకండ్ సెక్రటరీ, ఫస్ట్ సెక్రటరీ, కౌన్సిలర్, మినిస్టర్ హోదాలు దాటి రాయబారి అవుతారు. కామన్వెల్త్ దేశాల్లో అయితే రాయబారిని హైకమిషనర్ అంటారు. అంతే తేడా.

సుగుణగారి ప్రశ్నకి ఇక్కడ జవాబు చెప్పాలి. అవును, సుమారు మూడేళ్ళకోసారి ఊరు కాదు, దేశమే మారాలి. మధ్యలో ఢిల్లీలో కొన్నేళ్ళు. పిల్లలకి బళ్ళు మారతాయి, స్నేహితులు మారతారు. యుద్ధం నడిచే దేశాల్లో పోస్టింగొస్తే కుటుంబాన్ని తీసుకెళ్ళే వీలుండదు. భర్తకి ఆ దేశంలో ఉద్యోగం చేసుకునే అనుమతి అన్నిచోట్లా రాదు. ఇవన్నీ నిజాలే.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఇవే కష్టాలు మగ ఆఫీసర్లకీ ఉన్నాయి. డెబ్భై ఏళ్ళకి పైగా వాళ్ళ భార్యలు పెట్టె సర్దుకుని, తమ ఉద్యోగాలు మానుకుని వెనకాలే వెళ్తూనే ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు "చేసుకున్నది వెళ్తుందా?" అని అడగలేదు. అదే సర్వీసులో ఉన్నవాళ్ళని పెళ్ళి చేసుకుని ఒకే చోటికి పోస్టింగు అడుక్కున్న జంటలున్నాయి. ఎక్కణ్ణుంచైనా చేసుకునే పని ఉన్న భర్తలు ఇప్పుడు తక్కువేం లేరు. సంబంధం చూసేటప్పుడు జీతం, ఇల్లు, పొలం అడిగినట్టే ఈ మాట కూడా ముందే అడిగి తేల్చుకుంటే సరిపోతుంది. దీని కోసం అమ్మాయి కలని మొగ్గలోనే తుంచెయ్యక్కర్లేదు.

ఆ ఒక్క దారే కాదు

పది లక్షల మందిలో యాభై మందికి వచ్చే ఉద్యోగాన్నే నమ్ముకోమని నేనెవరికీ చెప్పను. చుట్టుపక్కల ఇంకా దారులున్నాయి.

విదేశాంగ శాఖలో అసిస్టెంటు సెక్షన్ ఆఫీసరు పోస్టులు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ జరిపే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ పరీక్ష ద్వారా నింపుతారు. డిగ్రీ చాలు. వీళ్ళకీ విదేశాల్లో పోస్టింగులుంటాయి.

భాష మీద ఇష్టమున్న పిల్లలకి మన హైదరాబాద్‌లోనే బంగారంలాంటి చోటుంది. 1958లో ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయిన ఇఫ్లూలో అరబిక్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, రష్యన్, జపనీస్ వంటి భాషల్లో ఇంటర్ తర్వాతే బీఏ చదవొచ్చు. విదేశాంగ శాఖలో దుబాసీలకి ప్రత్యేకంగా ఉద్యోగాలున్నాయి. ప్రధానమంత్రి ఇంకో దేశాధినేతతో మాట్లాడుతుంటే వెనక కూర్చుని మాటని మాటగా అందించేది వాళ్ళే. మాట ఒకటి తప్పితే ఏమవుతుందో ఊహించుకోండి!

ఐక్యరాజ్యసమితిలో యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్ష ఉంది. 32 ఏళ్ళు దాటకూడదు, ఇంగ్లీషుగానీ ఫ్రెంచిగానీ బాగా రావాలి. ఏ దేశాల వాళ్ళు రాయొచ్చో ఏటా ప్రకటిస్తారు, మన దేశం పేరుందో లేదో చూసుకోవాలి. విదేశీ వ్యవహారాల మీద పరిశోధన చేసే సంస్థలు ఢిల్లీలో ఉన్నాయి. 1943లో పుట్టిన ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ అందులో పాతది. హైదరాబాద్‌లో 2008లో అమెరికా కాన్సులేటు వచ్చాక, అక్కడా స్థానికులకి ఉద్యోగాలొచ్చాయి. విదేశాంగ శాఖ డిగ్రీ పిల్లలకి ఇంటర్న్‌షిప్‌లు కూడా ఇస్తోంది. కాలేజీల్లో ఐక్యరాజ్యసమితి సభలాగా పిల్లలు తలో దేశం తరఫునా వాదించే పోటీలు పెడుతున్నారు. వాటికి మీ అమ్మాయిని పంపండి. పదిమందిలో లేచి మాట్లాడటం అక్కడే వస్తుంది.

మన నేలకీ ఈ పనికీ ఉన్న చుట్టరికం కొత్తదేం కాదు. ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్ ఫ్రాన్స్‌కీ అమెరికాకీ రాయబారిగా వెళ్ళారు. నేతాజీ వెంట నడిచిన హైదరాబాదీ ఆబిద్ హసన్ స్వతంత్రం వచ్చాక ఫారిన్ సర్వీసులో చేరి డెన్మార్క్‌లో మన రాయబారి అయ్యారు. 2017లో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నికలో బ్రిటన్ తన అభ్యర్థిని వెనక్కి తీసుకునేదాకా పట్టు విడవకుండా దల్వీర్ భండారీని గెలిపించుకున్నప్పుడు ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్. ఆయనదీ హైదరాబాదే. తండ్రి ఉస్మానియాలో జర్నలిజం ప్రొఫెసరు.

ఈ ముగ్గురూ మగవాళ్ళేనని మీరు గమనించే ఉంటారు. నేనూ గమనించాను. ఈ వరుసలో మన ఆడపిల్లల పేర్లు ఇంకా చాలా రావాలి.

తల్లులకో మాట

చదివించడమంటే ఫీజు కట్టడం ఒక్కటే కాదు కదండీ. పేపర్లో విదేశీ వార్తల పేజీ వచ్చినప్పుడు అమ్మాయి చేతికి ముందివ్వండి. మనం కందిపప్పు కొనేటప్పుడు అది మొజాంబిక్ నుంచో, మయన్మార్ నుంచో ఎందుకొస్తోందో అడగండి. జవాబు ఆమెకి తెలియకపోతే వెతికి చెప్పమనండి. వంటనూనె ధర ఇండోనేషియాలో ఎందుకు నిర్ణయమవుతోందో తెలిసిన అమ్మాయికి అంతర్జాతీయ వ్యవహారాలు సగం వచ్చినట్టే.

ఇంకొకటి. డిగ్రీ అయిన వెంటనే పెళ్ళి అనే తేదీ ఒకటి ఆమె ముందు పెట్టకండి. 21 నుంచి 32 దాకా పరీక్షకి గడువుంది. పదకొండేళ్ళూ ఇవ్వమని అనను, మూడు నాలుగేళ్ళు ఇవ్వండి. ఆ నాలుగేళ్ళలో ఎమ్మే పూర్తవుతుంది, ఒకటి రెండుసార్లు పరీక్ష రాస్తుంది, ఓ భాష పట్టుబడుతుంది. ఫారిన్ సర్వీసు రాకపోయినా ఆ చదువు, ఆ భాష ఎక్కడికీ పోవు.

ముత్తమ్మగారి చేత రాయించుకున్నలాంటి హామీని ఈ రోజున ఏ ఆఫీసరూ మన అమ్మాయిల ముందు పెట్టడు. ఆ రూలు 1979లోనే పోయింది. నోటిమాటగా అయినా సరే, ఇంట్లో మనం మళ్ళీ అడగకుండా ఉంటే చాలు.